అత్తమ్మ ఏరిన ట్రిగ్గర్

నా చేతికి మొదటిసారి తుపాకీ వచ్చింది ఆలంపూర్‌లో. రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, ఆసుపత్రి వాళ్లందరం కలిసి ఒక వ్యాన్ మాట్లాడుకుని అక్కడి గుళ్లు చూడటానికి వెళ్లాం. మాది చర్చికి పోయే కుటుంబమే అయినా, తుంగభద్ర ఒడ్డున ఆ ఎర్రరాతి గోపురాల నడుమ తిరుగుతుంటే హాయిగా ఉంది. బయటికొచ్చాక రోడ్డు పక్కన చెరుకురసం తాగుతూ నిలబడ్డాం. ఎదురుగా ఒక చెక్కకు రంగురంగుల బెలూన్లు కట్టి, గాలి తుపాకీ పట్టుకుని ఒకాయన పిలుస్తున్నాడు. మా ఫార్మసిస్టు నన్ను చూసి, నువ్వు సూదులు గుచ్చడమే గానీ ఇది నీవల్ల కాదని నవ్వాడు. గ్లాసు అతని చేతికిచ్చి తుపాకీ అందుకున్నాను.

మొదటిది తప్పింది. రెండోది పేలింది. ఆ ‘ఠప్’ చెవికి కాదు, నేరుగా పొట్టలోకి దిగింది. పది గుండ్లలో ఎనిమిది బెలూన్లు పగలగొట్టాను. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. సాగర్‌లోని నందికొండ ప్రభుత్వ దవాఖానలో నర్సుని. కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పదహారేళ్లుగా అందరి నొప్పులూ వింటూ నిదానంగా ఉండటమే నా ఉద్యోగం. ఆ రోజు మాత్రం వ్యాన్‌లో సాగర్ చేరేదాకా నా కుడిచేతి చూపుడువేలు ఊరుకోలేదు. దారిలో కనిపించిన ప్రతి మైలురాయినీ మనసులో కొట్టుకుంటూ వచ్చాను.

ఆ తుపాకీ ఎక్కడ కొన్నావని బెలూన్లాయనను ముందే అడిగి పెట్టుకున్నాను. కొనలేదన్నాడు. నల్గొండలో కుట్టుమిషన్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడనీ, జాతరల్లో తిరిగే వాళ్లందరి గాలి తుపాకులూ ఆయనే చూస్తాడనీ, పాత ముక్కలు ఏరి కూర్చి తనకు ఇది తయారు చేసిచ్చాడనీ చెప్పాడు. ముక్కలు ఏరి కూర్చుకోవచ్చు అన్న మాట విన్నాక నాకు కుదురు లేకుండా పోయింది.

ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. కుక్క కరిచినప్పుడు నా చేత సూదులు వేయించుకున్న హెడ్ కానిస్టేబుల్ అక్కడ ఉన్నాడు. విషయం చెబితే అతని ముఖంలో రంగు మారింది. లోపలికి వెళ్లి పెద్దసారును అడిగి, ఏదో పుస్తకం తిరగేసి వచ్చాడు. సన్నగుండు వేసే, తక్కువ జోరున్న గాలి తుపాకీకి లైసెన్సు అక్కర్లేదనీ, పిట్టల మీద గానీ కోతుల మీద గానీ ఎత్తకూడదనీ, బజారులో బయటికి కనిపించేలా పట్టుకుని తిరగకూడదనీ చెప్పాడు. నేను లేచాక గొంతు తగ్గించి అడిగాడు.

“సిస్టరమ్మా, ఇంట్ల ఎవలి మీదనన్న కోపముందా?”

ఎవరి మీదా లేదన్నాను. అతను నమ్మినట్టు కనిపించలేదు. ఆ వారమే మా ఆయనను కాలువ గట్టు మీద ఆపి, అంతా బాగేనా అని రెండుసార్లు అడిగాడట.

మా ఆయన ఎడమకాలువ దగ్గర గేట్లు ఎత్తి దించే లస్కరు. నవ్వి ఊరుకునే మనిషి. ఇంట్లో మూడో మనిషి మా అత్తమ్మ. సొంత భూమి లేక నలభై ఏళ్లు పరుల చేలల్లో పత్తి ఏరి, నాట్లు వేసి, కొడుక్కు నౌకరీ వచ్చాక మా దగ్గరికి వచ్చింది. అప్పటికి ఆమెకు అరవై రెండేళ్లు. కంట్లో పొర తీయించి ఆర్నెల్లయింది. ఆ ఆపరేషన్ తర్వాత ఆమెకు లోకం కొత్తగా కనిపిస్తోంది. గుమ్మంలో కూర్చుని, మలుపు దగ్గర బస్సు రాగానే దాని బోర్డు కూడబలుక్కుంటూ చదివేది. ఎదుటి కొండ మీద మేకలెన్నో లెక్కపెట్టి చెప్పేది. తుపాకీ సంగతి విని, పొయ్యి ఊదే గొట్టం ఇంట్లో ఒకటి ఉంది గదా అంది.

నల్గొండలో ఆ పెద్దాయన దుకాణం వెడల్పు మా ఆసుపత్రి మంచమంత ఉంటుందేమో. గోడల నిండా కుట్టుమిషన్ల తలకాయలు. అందరూ ఆయనను ఉస్తాద్ అంటారు. నేను వచ్చిన పని చెప్పగానే బెలూన్ల దుకాణం పెడుతున్నావా అని అడిగాడు. లేదు, నా కోసమే అన్నాను. కాసేపు నన్ను చూసి, నేల మీద ఉర్దూ పేపరు పరిచాడు. ఒక రేకు డబ్బా తెచ్చి దాని మీద బోర్లించాడు.

పండక్కి గాజుల దుకాణంలో కూర్చున్న పిల్లలా అయిపోయాను. గొట్టాలు మూడు. ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూడమన్నాడు. మొదటి దాని లోపల తుప్పు మచ్చలు. రెండోది నున్నగా ఉంది కానీ చివర కాస్త నొక్కుకుపోయింది. మూడో దాంట్లో సన్నటి గాడులు మెలి తిరుగుతూ కంటిదాకా మెరుస్తూ వచ్చాయి. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. ఉస్తాద్ తల పైకెత్తకుండానే, అదే తీసుకో అన్నాడు.

స్ప్రింగుల దగ్గర గొడవైంది. నేను అన్నింటికన్నా గట్టిది ఎంచాను. ఆయన దాన్ని ఒక పాత తుపాకీలో పెట్టి, గుండు వేసేటప్పుడు వంచినట్టు గొట్టాన్ని వంచమన్నాడు. మోకాలి మీద పెట్టి, రెండు చేతులతో వేలాడినా వంగలేదు. పక్క కొట్టు దర్జీ మిషన్ ఆపి చూడసాగాడు. ముప్పై గుండ్లు కొట్టాలంటే ముప్పైసార్లు వంచాలి గదమ్మా అని ఉస్తాద్ మెల్లగా గుర్తుచేశాడు. నడిమిరకం తీసుకున్నాను. గాలి బయటికి పోకుండా తోలుతో గుండ్రటి వాషరు కత్తిరించి నూనెలో వేశాడు.

ఇక ట్రిగ్గర్. నాలుగు రకాల ట్రిగ్గర్లను నాలుగు చెక్కముక్కలకు బిగించి, చిన్న స్ప్రింగులు పెట్టి ఉంచాడు. నొక్కితే టక్కుమంటాయి. నేను రెండోదాని మీద వేలు పెట్టానో లేదో టక్కుమంది. మళ్లీ పెట్టాను, మళ్లీ టక్కు. ఈకలాగా ఉంది. నాకు ఎంత సంబరమంటే మిగతా రెండింటినీ సరిగ్గా చూడను కూడా చూడలేదు. ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు.

“అల్కగ ఉన్నదని మురుస్తున్నవ్ బేటీ. ఇంటికి తీస్కపోయి నాల్గు దినాలు చూడు. మల్ల మాట్లాడుదం.”

అన్నీ భుజానికి ఆనించే ఒక పాత చీలిన కట్టెలో బిగించి ఇచ్చాడు. దాన్ని దుప్పట్లో చుట్టి, హాలియా బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాను. పక్కనావిడ పసిపిల్లేమో అనుకుని చోటిచ్చింది. నేను కాదనలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెరట్లో ఏర్పాటు చేశాం. రాతిగోడ ముందు ఇసుక బస్తాలు పేర్చి, వాటి ముందు అట్టపెట్టె నిలబెట్టి, దాని మీద బొగ్గుతో సున్నా గీశాం. మా ఆయన వచ్చాడు, పక్క క్వార్టర్ల వాళ్లు వచ్చారు, అందరినీ నా వెనక నిలబెట్టాను. తుపాకీ ఎత్తుతున్నాను. ఇంకా అట్టపెట్టె దాకా రానే లేదు, వేలు తగిలీ తగలకముందే పేలింది. పక్కనే గోడ మీద పాకిన తీగకు వేలాడుతున్న గుమ్మడికాయకు సరిగ్గా నడిమిలో చిల్లు పడింది.

 అందరూ చప్పట్లు కొట్టారు. అంత చిన్న కాయను మొదటి గుండుకే కొట్టిందని పక్కింటావిడ తన మొగుడికి చెబుతోంది. కాయ కొట్టాలనే కొట్టావా అని మా ఆయన అడిగాడు. అవునన్నాను. అబద్ధమాడినందుకు సిగ్గు వేసింది గానీ నవ్వు దానికంటే ఎక్కువగా వచ్చింది. గుమ్మడికాయను కోసి నాలుగిళ్లకూ పంచాను.

వంటింట్లో కూరకు ముక్కలు తరుగుతుంటే అత్తమ్మ పక్కన కూర్చుని మెల్లగా అంది.

“నువ్వు కొట్టలే బిడ్డా. అదే పోయింది.”

 నీకెట్ల తెలుసని అడిగితే తన చేతులు చూపించింది. పత్తికాయను ఆత్రంగా గుంజితే సగం దూది గుల్లలోనే ఉండిపోతుందట. వేళ్లతో పట్టి, జర ఆగి, అది వదిలేదాకా చూస్తే మొత్తం ఒక్కసారే వస్తుందట. నీ వేలు ఆగనే లేదు, ఆగేందుకు దాంట్లో జాగానే లేదు అంది. తర్వాత కొంగుకు చేతులు తుడుచుకుని, తుపాకీ ఒకసారి ఇమ్మంది. గుండు వేయకుండా ఊరికే పట్టుకుంది. అట్లా పది నిమిషాలు పట్టుకుని, నల్గొండకు తానూ వస్తానంది.

తర్వాతి వారం నా సెలవునాడు ఇద్దరం బయల్దేరాం. అత్తమ్మ ఇస్త్రీ చీర కట్టింది. దారి పొడవునా దుకాణాల బోర్డులు చదువుతూ, తప్పు చదివినవాటికి తానే నవ్వుతూ వచ్చింది. ఉస్తాద్‌కు ఆమెను చూపించి, ట్రిగ్గర్ మా అత్తమ్మ ఏరుతుందని చెప్పాను. ఆయన మర్యాదగా లేచి, తాను కూర్చునే స్టూలు ఆమెకు వేశాడు. మేం తెచ్చిన తుపాకీలోంచి ట్రిగ్గర్ ఊడదీసి దాని చెక్కకు మళ్లీ బిగించి, నాలుగు చెక్కలూ వరుసగా పెట్టాడు. ఆమె నడుము నిటారుగా చేసుకుని, కళ్లు మూసుకుంది.

మొదటిది నొక్కి, బోరింగు కొట్టినట్టుందంది. రెండోది తాకగానే కళ్లు తెరవకుండానే, ఇది మా కోడలు తెచ్చిందే, పిచ్చిది అంది. మూడోది సగం దాకా లాగి, ఇసుక నమిలినట్టుందని వదిలేసింది. నాలుగోదాని మీద వేలు పెట్టి అట్లాగే ఉండిపోయింది. దర్జీ మళ్లీ మిషన్ ఆపాడు. టక్కుమంది. ఆమె మళ్లీ బిగించమంది. మళ్లీ అంతసేపు. ఇంకోసారి. అప్పుడు కళ్లు తెరిచింది.

“ఇది జర వస్తది, ఆగుతది. ఆగినకాడ నన్ను అడుగుతది. నేను ఊ అంటెనే పోతది.”

నేను ఆ చెక్క తీసుకుని కళ్లు మూసుకుని నొక్కాను. కొద్దిగా వదులుగా కదిలింది. తర్వాత ఒక సన్నటి అడ్డు తగిలింది. ఇంకాస్త నొక్కితే ఆ అడ్డు తెగింది. అది నాకు బాగా తెలిసిన సంగతే. నరం దొరకని ముసలాళ్లకు సూది గుచ్చేటప్పుడు చర్మం దాటాక ఒకచోట మెత్తగా ఆగుతుంది, అక్కడ ఓపిక పట్టి ఇంకాస్త తోస్తే చిటుక్కున నరంలోకి దిగుతుంది. పదహారేళ్లుగా రోజూ చేసే పని. అయినా సంబరంలో నా వేలు దాన్ని మరిచిపోయింది.

అప్పుడు ఉస్తాద్ అసలు విషయం చెప్పాడు. ఆ నాలుగోది ఇవ్వడానికి కాదు, తేడా తెలియడానికి పెట్టాడట. పోటీల్లో వాడే ఒక పాత తుపాకీ విరిగిపోతే దానిలోంచి తీసి ఏళ్లుగా దాచుకున్నాడు. దానిమీద చెయ్యి వేసి తనవైపు జరుపుకున్నాడు. అత్తమ్మ దాన్ని మళ్లీ ఇవతలికి జరిపింది. ఆయన అటు, ఈమె ఇటు. ఇద్దరి ముఖాల్లోనూ కోపం లేదు. నాకు నవ్వు ఆగక బయటికి వెళ్లి నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి ఇద్దరి చేతుల్లోనూ చాయ్ కప్పులున్నాయి, ట్రిగ్గర్ అత్తమ్మ ఒళ్లో ఉంది. ఏం చెప్పావని అడిగితే, ఎంతమంది వస్తే ఎంతమంది దాన్ని గుర్తుపట్టిన్రు అని అడిగినానంది. ఆమె తప్ప ఎవరూ గుర్తుపట్టలేదని ఉస్తాదే ఒప్పుకున్నాడట.

ఇక కట్టె. నన్ను కన్న మా బాపు కేతేపల్లిలో వడ్రంగి పని చేస్తాడు. దర్వాజాలు, మంచాలు తప్ప తుపాకీ కట్టె ఎన్నడూ చెక్కలేదు. అత్తమ్మతో కలిసి వెళ్లి విషయం చెబితే, నా నుదురు తాకి జ్వరముందేమో చూశాడు. తర్వాత మూలనున్న టేకు చెక్కను తెచ్చి, ఇది ఎందుకో దాచిపెట్టినా అంటూ చెక్కను నునుపు చేసే రందా పట్టాడు. కొలతలు తీయాలి, పాత కట్టెను భుజానికి ఆనించి నిలబడమన్నాడు. అంతలో ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. సిగ్నల్ కోసం వీధి చివరిదాకా వెళ్లి మాట్లాడి వచ్చేసరికి, కొలతలు అయిపోయాయి వెళ్లి అన్నం తినమన్నాడు. నాకేమీ అనుమానం రాలేదు.

రెండు వారాలకు కట్టె తయారైందంటే అత్తమ్మా నేనూ మళ్లీ వెళ్లాం. అరచేతికి వెన్నలా తగిలింది. అందులో సామాన్లన్నీ బిగించి, భుజానికి ఎత్తి, చెంప ఆనించాను. ఆనలేదు. మెడ వంచాను, మోచేయి ముడిచాను, భుజం పైకెత్తాను. నాకు బెత్తెడు పొట్టిగా ఉంది. బాపు గాబరాగా తన కొలతల కర్ర తెచ్చి నా చెయ్యి కొలిచాడు. కర్ర మీద గీత నా చేతి కొలతది కాదు. ఇద్దరం ఒకేసారి అత్తమ్మ వైపు చూశాం. ఆమె వేపచెట్టు మీద ఏదో పిట్టను శ్రద్ధగా చూస్తోంది.

“నువ్వు లేని యాళ్ల అక్క పట్టుకొని నిలబడ్డది. ఎవలు పట్టుకుంటె వాళ్లదే అనుకున్న బిడ్డా” అన్నాడు బాపు.

ఆ తర్వాత ముగ్గురం ఎంతసేపు నవ్వామో తెలియదు. నవ్వు ఆగినప్పుడల్లా అత్తమ్మ ఆ పిట్ట వైపు చూసేది, మళ్లీ మొదలయ్యేది. చివరికి బాపు తన పాత హవాయి చెప్పు అడుగును ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి అంటించి, కట్టె వెనకభాగానికి తగిలించి తీసేలా అమర్చాడు. చెప్పు తగిలిస్తే నాది, తీస్తే అత్తమ్మది.

ఆ చలికాలం రోజూ సాయంత్రం ఎండ ఉండగానే పెరట్లో చేరేవాళ్లం. నేను గబగబా కొట్టేదాన్ని. అత్తమ్మ ఒక్క గుండు కొట్టేలోగా నేను కూర పోపు పెట్టి రావచ్చు. కానీ ఆమె కొట్టిన అట్టముక్కల మీద చిల్లులన్నీ ఒక బొట్టుబిళ్ల కింద దాగేవి. నాకు అసూయ కలగాలి. కలగలేదు. అట్ట ముక్కలు ఆసుపత్రికి తీసుకెళ్లి, మా అత్తమ్మ కొట్టిందని డాక్టరుకూ, ఓపీ లైనులో నిలబడ్డవాళ్లకూ చూపించేదాన్ని.

మహబూబ్‌నగర్‌లో ఎవరైనా పాల్గొనే గాలి తుపాకీ పోటీ ఉందని ఉస్తాద్ ఫోన్ చేసి చెప్పాడు. ఇద్దరి పేర్లూ ఇచ్చాం. పోటీ రోజు తెల్లవారుజామునే బస్సెక్కి, దేవరకొండలో మారి, కల్వకుర్తి మీదుగా వెళ్లాం. హాల్లో అంతా కాలేజీ పిల్లలు, ఖరీదైన కోట్లు, బూట్లు. తనిఖీ బల్ల దగ్గర ట్రాక్‌సూట్ వేసుకున్న మేడమ్ మా సంచి విప్పి, చెప్పుముక్కను చూసి, ఇదేంటని అడిగింది. చెప్పాను. మేడమ్ పెదవులు బిగించుకుంది గానీ ఆమె భుజాలు ఊగాయి. ట్రిగ్గర్‌కు చిన్న బరువు వేలాడదీసి పరీక్షించింది. ఆ బరువుకే పేలిపోయేదైతే పోటీకి రానివ్వరట, మాది కదల్లేదు. మేడమ్ వేలితో ఒకసారి నొక్కి చూసింది, రెండోసారి నొక్కింది, ఎవరు ఎంచారని అడిగింది. నేను అత్తమ్మను ముందుకు తోశాను.

మొదట నా వంతు.  మొదటి గుండు పక్క అమ్మాయి గురిచూసే కార్డుకు తగిలింది. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, థాంక్స్ ఆంటీ అంది. ఆ మాటకు నవ్వొచ్చి, మిగతా గుండ్లలో సగం నవ్వుతూనే కొట్టాను. నవ్వుతూ కొడితే ఎక్కడ తగులుతాయో చెప్పనక్కర్లేదు.

తర్వాత అత్తమ్మ. చెప్పుముక్క తీసిచ్చాను. కొంగు నడుముకు దోపి, గీత దగ్గర నిలబడింది. పక్కవాళ్లు ఐదు కొట్టేలోగా ఆమె ఒకటి కొట్టింది. మళ్లీ నిదానంగా వంచి, గుండు పెట్టి, ఎత్తి, ఆగింది. ఒకసారి ఎత్తి, నచ్చక దించేసింది. కాసేపటికి మిగతావాళ్లంతా ముగించి తుపాకులు పెట్టేశారు. హాలంతా ఆమె వెనక చేరింది. నేను గడియారం చూస్తున్నాను, టైమైపోతోందని చెప్పాలి, కానీ వెనక నుంచి మాట్లాడకూడదు. గంట మోగింది. ఆమె ఎత్తిన తుపాకీ దించింది. ఇంకా ఆరు గుండ్లు మిగిలే ఉన్నాయి.

కొట్టినవన్నీ నలుపులోనే ఉన్నాయి. నడిమి చుక్క ఉన్నచోట కాగితమే లేదు, చిరిగి ఊడిపోయింది. కానీ కొట్టని ఆరింటికి సున్నాలే కదా. జాబితాలో ఆమె చివరి నుంచి రెండో మనిషి. చివరి మనిషిని నేను. మేడమ్ ఆ కార్డు తీసుకొచ్చి స్వయంగా అత్తమ్మ చేతికిచ్చింది. ఎందుకంత ఆలస్యం చేశావమ్మా, ఆరూ కొట్టి ఉంటే ముందు వరుసలో ఉండేదానివి అంది.

“అది అడగంగనె కొట్టిన మేడం. అడగనప్పుడు ఎట్ల కొడుత?” అంది అత్తమ్మ.

 మేడమ్ అత్తమ్మ భుజం మీద చెయ్యి వేసి, మా ఇద్దరికీ భోజనాల గది చూపించింది. అక్కడ కాలేజీ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ ట్రిగ్గర్ నొక్కి చూస్తామని అడిగారు. అత్తమ్మ పెరుగన్నం తింటూ ఒక్కొక్కరి వేలునూ సరిచేసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ కార్డును ఎండకు ఎత్తి పట్టుకుంది. నడిమి చిల్లులోంచి పొలాలు చూస్తూ, ఆమనగల్ వైపు పోయే బస్సు బోర్డు చదివి నాకు వినిపించింది. టికెట్ కొట్టడానికి వచ్చిన కండక్టర్ అదేంటని అడిగాడు. తుపాకీతో కొట్టిందని చెబితే ఆయన నన్ను చూశాడు. నేను కాదు, ఆమె అన్నాను. ఆయన అత్తమ్మను, ఆమె తెల్లజుట్టును, చేతిలోని కార్డును మార్చి మార్చి చూసి, అయితే మీరెన్నో స్థానం అని నన్ను అడిగాడు. ఆఖరు అన్నాను. అత్తమ్మ నా వైపు తిరిగింది, నేను ఆమె వైపు తిరిగాను. ఆ నవ్వులో దేవరకొండ బస్టాండ్ దాటిపోయినా చూసుకోలేదు. ఊరి బయట దిగి, తుపాకీ సంచిని ఇద్దరం చెరో కొస పట్టుకుని, వెనక్కి నడిచాం.